డోలు మోగిన రాత్రి నిద్రెక్కడిది

"ఈసారి కథకు ఎవ్వలొస్తున్నరు?"

జనగామ చుట్టుపక్కల ఏ ఊళ్లో కురుమల కులదేవుడైన బీరప్ప పండుగ ఖాయమైనా కురుమవాడలో ముందుగా వినిపించే మాట ఇది. తేదీ తర్వాత అడుగుతారు, చందా ఎంతో ఆ తర్వాత అడుగుతారు. ముందు తేలాల్సింది ఏ ఒగ్గు కథ బృందం వస్తోంది, ముందు నిలబడి కథ చెప్పేదెవరు, డోలు పట్టేదెవరు అన్నదే. పేరు బయటికి పొక్కగానే ఫోన్లు మోగుతాయి. హైదరాబాద్‌లో ఆటో నడిపే కొడుక్కి, పక్క మండలంలో ఇచ్చిన ఆడబిడ్డకు, వియ్యంకుడి ఊరికి కబురు పోతుంది. "ఆయనొస్తున్నడట, పండుగకు కాకున్నా కథకన్న రాండ్రి" అని పిలుస్తారు. పట్నాల్లో పిల్లలు తమకు నచ్చిన మ్యూజిక్ బ్యాండ్ వస్తోందంటే ముందే టికెట్లు కొని రోజులు లెక్కపెట్టుకుంటారు. ఇక్కడి అభిమానికీ ఆ ఆత్రమే. టికెట్ ఉండదు, సీటు నంబరు ఉండదు, కచేరీ మాత్రం తెల్లారేదాకా ఉంటుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబర్ 11న జిల్లాలయ్యాయి. ఎక్కువ భాగం పాత వరంగల్ నేలే. భూపాలపల్లికి కరీంనగర్ నుంచి, మహబూబాబాద్‌కు ఖమ్మం నుంచి కొన్ని మండలాలు వచ్చి కలిశాయి. పటంలో గీతలు మారినా రాత్రిపూట కూర్చుని కథ వినే అలవాటు మాత్రం అన్నిచోట్లా ఒకటే. అందులో జనగామది పెద్దరికం. కురుమలు, గొల్లలు మందలు కాసుకుంటూ బతికిన నేల ఇది. ఒక పక్క కొమురవెల్లి, మరో పక్క ఐనవోలు, రెండూ మల్లన్న క్షేత్రాలే. మధ్యలో ఉన్న ఊళ్లకు డోలు చప్పుడు పుట్టుకతో వచ్చిన చుట్టరికం.

సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి జాతర సాగుతుంది. అన్నాళ్లూ ఒగ్గు పూజారులకు తీరిక దొరకదు. మొక్కుకున్నవాళ్లకు నేల మీద రంగుల ముగ్గులతో పట్నాలు వేయాలి, మల్లన్న కథ చెప్పాలి. ఆ సందడి సద్దుమణిగి, యాసంగి వరి కోతలై, చేతిలో నాలుగు పైసలు ఆడే ఎండాకాలంలో ఊళ్లు బీరప్ప-కామరాతి కల్యాణం పెట్టుకుంటాయి. పొలాల్లో పని తగ్గుతుంది, బడులకు సెలవులుంటాయి. పగలంతా నిప్పులు కురిసిన నేల పొద్దుగూకాక చల్లబడుతుంది. రాత్రంతా మేలుకోవడానికి ఇంతకంటే అనువైన కాలం ఈ ప్రాంతానికి లేదు.

ఇక్కడి అభిమానం గురించి చెప్పాలంటే మాణిక్యపురం పేరెత్తక తప్పదు. లింగాలఘనపురం మండలంలోని ఈ ఊరు ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్యది. 1935లో పుట్టిన సత్తయ్య 2017 నవంబర్ 9న కన్నుమూశారు. మధ్యలో ఆయన ఇచ్చిన ప్రదర్శనలు 12 వేలు దాటాయని పత్రికలు రాశాయి. ఒగ్గు కథ అంతకుముందు ప్రధానంగా కొలుపులో భాగం. గుడి ముందో, మొక్కు తీర్చుకునే ఇంటి వాకిట్లోనో, దేవుడి కోసం చెప్పే కథ. దాన్ని అన్ని కులాలవాళ్లూ కలిసి కూర్చుని వినే వేదిక కళగా నిలబెట్టినవాళ్లలో సత్తయ్యది మొదటి వరుస. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలతో ఆగకుండా రామాయణం, హరిశ్చంద్ర వంటి కథలనూ ఒగ్గు బాణీలోకి తెచ్చారు. కథ మధ్యలో ఊరి మంచీచెడ్డా కలిపి నవ్వించేవారు, ఆ నవ్వు ఆరకముందే కంటతడి పెట్టించేవారు. 2005లో కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2014 సంవత్సరానికి కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది.

ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు ఈ ఊళ్లలో ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుంటే వాదనలు వినాలి. కరీంనగర్ వైపు అభిమానులు వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములును మించినవాడు లేడంటారు. ఆ మాట జనగామలో అంటే చాయ్ చల్లారిపోయేదాకా వదలరు. రాములు ఆటలో గట్టివాడని ఒప్పుకుంటారు, మాట విరుపులో మాత్రం సత్తయ్యదే పైచేయి అంటారు. ఇద్దరినీ విన్నవాడిగా నా ఓటు సత్తయ్యకే. ఒక్క వాక్యాన్ని మూడు గొంతుల్లో, అత్తగా, కోడలిగా, పక్కింటావిడగా పలికి, మళ్లీ తన గొంతులోకి వచ్చి కథ అందుకోవడం నేను మరొకరి దగ్గర వినలేదు.

ఒక ఎండాకాలం జనగామకు దగ్గర్లోనే బీరప్ప పండుగ రాత్రికి వెళ్లాను. సత్తయ్య లేని కాలంలో, ఆయన బాణీ పట్టుకున్న బృందం కథ అది. సాయంత్రం నాలుగింటికే గుడి ముందు పట్నం మొదలైంది. పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకుపచ్చ పొడి, నల్లపొడి కుప్పలుగా పోసుకుని, పూజారులు వేళ్ల సందుల్లోంచి సన్నని ధారగా వదులుతూ నేల మీద గీతలు పరుస్తున్నారు. మధ్యలో దేవుడి గద్దె, చుట్టూ గడులు, అంచున కోట వాకిళ్లు. పిల్లలు తొక్కకుండా ఒక ముసలమ్మ కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది. గంటల తరబడి వేసిన ఆ పట్నాన్ని చివర్లో పూజారే తొక్కి చెరిపేస్తాడని తెలిసి కూడా, ఒక గీత వంకర పోతే మళ్లీ సరిదిద్దుతున్నారు. ఆ ఓపిక చూశాక రాత్రి కథ ఎలా ఉండబోతుందో అర్థమైపోయింది.

తొమ్మిదింటికి భోజనాలై జనం చేరారు. ముందు వరుస ఎవరిదో ఎవరూ చెప్పరు, గొంగడి ముందు పరిచినవాడిదే. ఒక పక్క ఆడవాళ్లు, ఒక పక్క మగవాళ్లు, మధ్యలో పిల్లలు. వెనక మోటారు సైకిళ్ల మీద కూర్చున్న కుర్రాళ్లు. పల్లీల బండి, చాయ్ డబ్బా, ఐస్‌ఫ్రూట్ పెట్టె రోడ్డు పక్కన సర్దుకున్నాయి. బృందం వాళ్లు ఓ మూలన డోలు తాళ్లు బిగిస్తున్నారు. తట్టి చూడటం, చెవి దగ్గర పెట్టుకోవడం, మళ్లీ బిగించడం. నా పక్కన కూర్చున్న పెద్దాయన కళ్లు మూసుకుని ఆ తట్టుడు విని, "ఇంకో గుంజు గుంజాలె" అన్నాడు తనలో తానే. నిజంగానే వాళ్లు ఇంకోసారి గుంజారు. అభిమాని అంటే ఆయన.

ప్రధాన కథకుడి చేతిలో ఒగ్గు, అంటే మల్లన్న డమరుకం. నుదుట బండారి అనే పసుపు, కాళ్లకు గజ్జెలు. వెనక వంత పాడేవాళ్లు, తాళాలు, కంజీర, నపీర, డోలు. ముందు గణపతికి, సరస్వతికి, ఊరి పోచమ్మకు, మైసమ్మకు, కూర్చున్న సభకు మొక్కి కథ ఎత్తుకున్నాడు. కథకుడు ఒక మాట అంటే వంతవాడు దాన్ని అందుకుని సాగదీస్తాడు, లేదా అడ్డం తగిలి ప్రశ్నిస్తాడు. "ఆ తర్వాతేమైంది?" అని అతను అడిగేది మన తరఫునే. ఈ పద్ధతిలో బరువంతా వంతవాడి మీదే ఉంటుందని నా అభిప్రాయం. ముందున్నవాడి గొంతు అలసిన క్షణాన్ని పసిగట్టి పాట అందుకోవాలి, సభ కునుకు తీస్తోందని గమనించి హాస్యం తీయాలి, అంతా చేసి పేరు మాత్రం ముందున్నవాడికి వదిలేయాలి.

ఆ రాత్రి కథ బీరప్పది. తమ్ముణ్ని కళ్లలో పెట్టుకుని సాకిన అక్క మహంకాళి, కామరాతిని పెళ్లాడటానికి బీరప్ప పడ్డ పాట్లు. పూర్తిగా చెప్పాలంటే ఒక్క రాత్రి చాలదు, అందుకే ఏ ఘట్టం ఎత్తుకోవాలో ఊరి పెద్దలతో ముందే మాట్లాడుకుంటారు. పదకొండింటికి కథకుడు భుజం మీది కండువా తల మీదికి లాక్కున్నాడు. అంతే, మీసాలున్న ఆ మనిషి అక్క అయిపోయాడు. గొంతు మారింది, నడుము వంగింది, కంట్లో బెంగ వచ్చింది. తమ్ముడు ఇల్లు దాటి పోతుంటే అక్క పాడే ఘట్టంలో డోలు పూర్తిగా ఆగింది. తాళాలు మాత్రమే మెల్లగా. ఆడవాళ్ల వైపు కొంగులు కళ్ల దగ్గరికి వెళ్లాయి. "ఏడిపియ్యనీకే వస్తడు వీడు" అంది ఒకావిడ ముక్కు చీదుకుంటూ, కొడుకును మెచ్చుకున్నంత మురిపెంగా.

అర్ధరాత్రి కట్నాల వేళ. ఎవరెంత ఇచ్చారో పేరు, ఇంటిపేరు, ఊరు చెప్పి చదువుతారు. ఒక్కో పేరుకు డోలు మీద ఒక విరుపు. హైదరాబాద్ నుంచి వచ్చిన కొడుకు తండ్రి పేరు మీద ఇప్పించాడు. వియ్యంకుడు పంతానికి ఇంకాస్త పెంచాడు. ఓ ముసలమ్మ కొంగుముడి విప్పి పది రూపాయల నోటు ఇచ్చింది. కథకుడు ఆ పది రూపాయలకు కథ ఆపి, ఆమెను "అవ్వా" అని పిలిచి, ఆమె మనవల పేర్లన్నీ అడిగి దీవించాడు. బయటి వేదికల మీద అంతసేపు ఎవరూ ఇవ్వరు. బృందాన్ని ఊరు తన మనిషిగా చూసేది ఇలాంటి చోటే, బృందం సంపాదన నిలిచేదీ ఈ కట్నాల మీదే.

రెండు దాటాక చిన్నపిల్లలు ఒరిగిపోయారు. పెద్దలకూ కళ్లు బరువెక్కాయి. అప్పుడు డోళ్లు ముందుకొచ్చాయి. ఒక చేత పుల్ల, మరోవైపు అరచెయ్యి. మెల్లగా మొదలైన దరువు అడుగు మారి, గిరక తిరిగి, వేగం పుంజుకుంది. డోలుతోనే కూర్చున్నారు, లేచారు, ఎగిరారు, ఒకరి తొడ మీద ఒకరు కాలు మోపి నిలబడ్డారు. మోటారు సైకిళ్ల మీది కుర్రాళ్లు దిగొచ్చి ముందు చేరారు. ఫోన్లు పైకి లేచాయి. నా పక్కనున్న పెద్దాయన ఈ హడావుడిని అంతగా పట్టించుకోలేదు. "ఇది మేల్కొల్పే ముచ్చట. అసలు కథ ఇగ సూడు" అన్నాడు. ఆయన చెప్పినట్టే, దరువు ఆగాక వచ్చిన ఘట్టంలో ఒక్కరూ కదల్లేదు. తెల్లవారుజామున పూజారి పూనకంతో పట్నం తొక్కాడు. రంగులన్నీ కలిసిపోయాయి. ఆ పొడిని, బండారిని నుదుట పెట్టుకుని జనం లేచారు.

పొద్దున చాయ్ దగ్గర విమర్శ మొదలైంది. "మేనమామ ఇంటికాడ కథ మింగిండు", "రెండో వంతగాని గొంతు ఇంకా పండలె", "అక్క కాడ మాత్రం సత్తయ్యను చూసినట్టే అయింది." చదువుకున్న విమర్శకుడు పేజీలు రాసినా ఇంత సూటిగా చెప్పలేడు. ఒకే కథను చిన్నప్పటి నుంచి పదిమంది గొంతుల్లో విన్నవాళ్లు వీళ్లు. ఏ మలుపులో ఏ రాగం రావాలో, ఏ మాట తప్పిపోయిందో వీళ్ల నుంచి దాచలేం. ఒగ్గు కథ ఇంకా బతికుందంటే సగం ఘనత ఈ చెవులది.

జనగామ నేలకు ఈ చెవి కొత్తగా రాలేదు. ఇదే జిల్లాలోని పాలకుర్తి పాల్కురికి సోమనాథుడి ఊరు. సంస్కృత పద్ధతి రాజ్యమేలుతున్న కాలంలో జానపదుల ద్విపదను ఎత్తుకుని బసవపురాణం రాసిన కవి ఆయన. పండితారాధ్య చరిత్రలో తన కాలపు జనం పాడుకునే తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, నివాళి పదాలు, వెన్నెల పదాలు పేరుపేరునా చెప్పాడు. శ్రీశైలం యాత్రకు వచ్చిన జనం ఆటపాటలను అంత ఇష్టంగా వర్ణించిన కవి, రాత్రిపూట ఆ జనం మధ్య కూర్చోకుండా రాసి ఉండడని నా నమ్మకం.

పాలకుర్తి పక్కన దేవరుప్పుల మండలం. తెలంగాణ సాయుధ పోరాటంలో 1946 జులై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కడవెండి ఈ మండలానిదే. కొమురయ్య కురుమ బిడ్డ. ఇదే మండలంలోని అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆయనది చిందు యక్షగానం. అయిదు దశాబ్దాల్లో 19 వేలకు పైగా ప్రదర్శనలిచ్చారని పురస్కారం వేళ ప్రకటించారు. చిందు మేళం అంటే ఒక కుటుంబం మొత్తం కట్టుకునే వేషం. ముఖానికి అర్దళం, భుజకీర్తులు, కిరీటం, హార్మోనియం, మద్దెల. చెంచులక్ష్మి, సారంగధర వంటి ఆటలు ఆడి, జాంబపురాణం చెప్పి, ఊరి ముందర రాత్రంతా చిందేసి మరో ఊరికి సాగిపోయేవాళ్లు. ఒకే జిల్లాలో ఒగ్గుకు అకాడమీ పురస్కారం, చిందుకు పద్మశ్రీ. కరువు జిల్లా అని పేరుపడ్డ నేల ఇంత పండించిందని జనగామ తన పిల్లలకు గట్టిగా చెప్పుకోవాలి.

జనగామలో రైలెక్కి కాజీపేట దాటి దక్షిణంగా పోతే మహబూబాబాద్. జనం నోట మానుకోట. ఇక్కడ ఎండాకాలం అంటే మిరప కళ్లాలు, కురవి వీరభద్రుడికి మొక్కులు, తండాల్లో పెళ్లిళ్లు. బంజారా ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ గోరుబోలిలో పాడే పాటలకు డప్పు జతపడితే రాత్రి ఇట్టే గడిచిపోతుంది. ఊళ్లవైపు బైండ్లవాళ్ల తీగ వాద్యం జమిడిక మోగుతుంది, రేణుక ఎల్లమ్మ కథ నడుస్తుంది. పరశురాముడు తల్లి మీద గొడ్డలెత్తే ఘట్టంలో ఆ జమిడిక తీగ చేసే మూలుగు ఒక్కసారి వింటే మర్చిపోలేరు.

భూపాలపల్లి రాత్రుల తీరు వేరు. బొగ్గు గనుల ఊరు, చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం, మూడు షిఫ్టుల బతుకు. కార్మికుల్లో చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్లే, వస్తూ వస్తూ తమ దేవుళ్లను, కథలను వెంట తెచ్చుకున్నారు. రెండో షిఫ్ట్ దిగి స్నానం చేసి, బండి మీద నేరుగా కథ దగ్గరికి వచ్చేవాళ్లు ఇక్కడి అభిమానులు. వాళ్లు చేరేసరికి కథ సగంలో ఉంటుంది. కథకుడు వాళ్లను చూసి, జరిగిన కథ నాలుగు మాటల్లో చెప్పి ముందుకు పోతాడు. అదేమీ అంతరాయంగా ఎవరికీ తోచదు.

ఇదే జిల్లాలోని కాళేశ్వరంలో 2025 మే 15 నుంచి 26 వరకు సరస్వతీ పుష్కరాలు జరిగాయి. గోదావరి, ప్రాణహిత కలిసే చోట నిండు ఎండాకాలంలో జనసంద్రం. సాయంత్రాలు హారతి, వేదిక మీద ఆటపాటలు. ఇలాంటి పెద్ద వేదికల మీద, జూన్ 2 రాష్ట్రావతరణ వేడుకల్లో, బోనాల ఊరేగింపుల్లో, నాయకుల ర్యాలీల్లో ఇప్పుడు ఒగ్గు డోలు తప్పనిసరి అయింది. కుర్రాళ్లకు పని దొరుకుతోంది, పసుపు దుస్తుల్లో వరుసగా నిలబడి దరువేస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. అందుకు సంతోషించాలి. అయితే ఆ వేదికలు అడిగేది డోలునే. పావుగంటలో అయిపోవాలి, ఎగరాలి, ఒకరిమీద ఒకరు నిలబడాలి. కథకు చోటు లేదు, వంతకు చోటు లేదు. అక్క మహంకాళి కన్నీటికి అసలే లేదు. దీని ఫలితం బృందాల్లో కనబడుతోంది. డోలు నేర్చుకునే పిల్లలు పదిమంది వస్తే, కథ మొత్తం నోటికి పట్టాలని కూర్చునేవాడు ఒకడు దొరకడం కష్టం. డోలు కొన్ని నెలల్లో పట్టుబడుతుంది. రాత్రులకు రాత్రులు సాగే కథను ఘట్టం తప్పకుండా, ఏ ఊళ్లో ఏ మాట నప్పుతుందో తెలిసి చెప్పడానికి గురువు వెనక ఏళ్లకు ఏళ్లు వంత పాడాలి. ఆ ఏళ్లకు కూలి ఎవరిస్తారు? ఊరే ఇవ్వాలి, ఇన్నాళ్లూ ఇచ్చింది ఊరే.

ఇప్పుడు ఊళ్లూ మారుతున్నాయి. రాత్రంతా కథ పెట్టిస్తే పిల్లలు కూర్చోరని, పదకొండింటికి ముగించి డీజే పెట్టుకుందామని కొన్నిచోట్ల కమిటీలు అంటున్నాయి. నేను వెళ్లిన రాత్రి పిల్లలు కూర్చున్నారు. మోటారు సైకిళ్లు దిగి ముందుకొచ్చి, ఆ తర్వాత కదలకుండా విన్నది వాళ్లే. కథ బాగుంటే ఏ వయసువాళ్లయినా కూర్చుంటారు, బాగా చెప్పేవాణ్ని పిలవాలి, అతనికి రాత్రంతా ఇవ్వాలి.

వచ్చే ఎండాకాలం మీ ఊళ్లో బీరప్ప పండుగ ఉంటే కమిటీవాళ్లతో ఒక్క మాట అనండి. డోలుతోపాటు కథనూ పిలవమనండి, తెల్లారేదాకా పెట్టించమనండి, వంతవాడి కట్నం విడిగా చదవమనండి. మీ ఊళ్లో పండుగ లేకపోతే ఉగాది దాటాక జనగామలో బస్సు దిగి, లింగాలఘనపురం వైపు వెళ్లే ఏ ఆటోవాలాను అడిగినా ఎక్కడ కథ ఉందో చెప్తాడు. గొంగడి తీసుకెళ్లండి, ముందు వరుస దొరకాలంటే ఎనిమిదిన్నరకే చేరండి.